పని లేని నడక

మా ఊళ్లో పని లేకుండా ఎవరూ రోడ్డు మీద నడవరు. నడిచారంటే బస్సు తప్పిపోయిందనో, ఇంట్లో గొడవపడి వచ్చేశారనో అనుకుంటారు. పుంగనూరు డాక్టరమ్మకు ఈ సంగతి తెలీదు పాపం. రోజూ నలభై నిమిషాలు ఆగకుండా నడవమని గోవిందమ్మకు చీటీ మీద రాసిచ్చింది.

గోవిందమ్మకు యాభై నాలుగేళ్లు. తెల్లారకముందే లేచి పేడ ఎత్తాలి, నాలుగు ఆవుల పాలు పితకాలి, ఆ తర్వాత టమాటా తోటలో నడుం వంచాలి. ఇంత చాకిరీ చేసేదానికి మళ్లీ నడకేమిటని ఆమెకు ఒళ్లు మండింది. కానీ షుగరు మూడొందలు దాటింది, అరికాళ్లు మొద్దుబారుతున్నాయి. కుప్పంలో ఉండే అక్క పద్మావతికి ఇలాగే మొదలై, పోయినేడు మోకాలి కిందికి కాలు తీసేశారు. ఆ భయమే గోవిందమ్మను రోడ్డెక్కించింది.

ఎక్కించింది గానీ, జనం నడవనిస్తే కదా. పది అడుగులు వేసేలోపల ఎవరో ఒకరు బండి ఆపి ఎక్కమనేవాళ్లు. వద్దంటే మనసులో ఏదో పెట్టుకుందనుకుంటారు. పక్కింటి మునికుమార్ అయితే రెండు రోజులు మాట్లాడటం మానేశాడు. దాంతో పిలిచిన ప్రతి బండీ ఎక్కింది. నెల తర్వాత పరీక్ష చేస్తే షుగరు ఎక్కడిదక్కడే ఉంది. డాక్టరమ్మ అరిచింది. అరవదా మరి?

అప్పట్నుంచి బండ్లు రాని మామిడి తోపుల వెనక బాట పట్టింది. మూడు నెలలకు షుగరు నూట అరవైకి దిగింది. కాళ్లలో తిమ్మిరి తగ్గింది, నిద్ర పడుతోంది. ఇంక మానేయొచ్చా అని అడిగితే, బతికినన్నాళ్లూ నడవాల్సిందే అంది డాక్టరమ్మ. గోవిందమ్మకు ఏడుపొచ్చింది. ఇంటి పని, తోట పని, ఇప్పుడు చచ్చేదాకా ఇదొకటి.

ఆ ఆదివారం కుప్పం పోయి, అక్క మంచం పక్కన కూర్చుని అదే చెప్పుకుంది.

"నా వల్ల కాదక్కా. అలిసిపోయినా. రేపట్నించి మానేస్తా."

పద్మావతి చెల్లెలి పాదాల వైపు చూసింది.

"రొండు కాళ్ల మింద నడస్తాంటే ఎట్లుంటాది మే?" అని మెల్లగా అడిగింది. "నేను మరిసిపోతాండా."

సాయంత్రం గోవిందమ్మ ఆటో పిలవకుండా బస్టాండు దాకా నడిచింది. దారంతా ఏడుస్తూనే నడిచింది.