నెమలి కన్ను

జాండ్రపేటలో భావనారాయణ కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు. టీ తాగినా నిలబడే తాగుతాడు. పుస్తకం చదివినా గుమ్మానికీ వీధికీ మధ్య తిరుగుతూనే చదువుతాడు. ఇంటర్ మధ్యలో వదిలేశాక వేటపాలెం లైబ్రరీలో చేతికందినదల్లా చదివాడు. అక్కడ దొరకని కంప్యూటర్ సంగతులు ఫోన్లో చదివాడు. చదివినకొద్దీ లోకం మీద కోపం పెరిగింది గానీ ఉద్యోగం రాలేదు. డిగ్రీ కాగితం లేనివాడికి ఏదీ చేతకాదని లోకం ముందే తీర్మానించుకుంది.

తండ్రి పిచ్చయ్య మాత్రం కూర్చున్నచోటే బతికిన మనిషి. ఊహ తెలిసినప్పటి నుంచీ మగ్గం గుంటలోనే ఉన్నాడు. కుప్పడం చీర అంచు మీద నెమళ్లు దించడంలో పేటలో ఆయనకు పేరుంది. నెమలి దిగాలంటే మగ్గం మీదున్న జకార్డు పెట్టెను గుంటలోని తొక్కుడు చెక్కతో ఆడించాలి. తొక్కినప్పుడల్లా చిల్లుల అట్ట ఒకటి తిరిగి, ఏ కొక్కేలు లేవాలో చెబుతుంది. లేచిన కొక్కేలు పడుగు దారాలను పైకెత్తితే వాటి కింద నుంచి పేక దారంతో నాడె దూరిపోతుంది. ఆ తొక్కుడు మాటలు కాదు. ఈ వేసవిలో పిచ్చయ్య కుడి మోకాలు వాచి మొండికేసింది.

పడుగు ఇచ్చే షావుకారు వేణుగోపాల్ మంచివాడే. అంటే, వ్యాపారానికి అడ్డం రానంత మంచివాడు. "మంగళవారం మధ్యాహ్నం వస్తా పిచ్చయ్యా. నెమళ్లు దిగుతుంటే సరే. లేదంటే పడుగు కోయించి ఇంకో మగ్గానికి ఎక్కిస్తా, ఏమనుకోమాక" అని చెప్పి వెళ్లాడు. మోకాలు చెడిన నేతగాడి మగ్గానికి మళ్లీ పడుగిచ్చేవాడు ఉండడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకనలేదు. పిచ్చయ్య గుంట అంచున కూర్చుని నాడెను తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు.

అప్పుడు దిగాడు భావనారాయణ రంగంలోకి. అట్టల బదులు అరచేతిలో సగం కూడా లేని లినక్స్ బోర్డు. దానికి తోడుగా, కొక్కేలను పట్టి వదిలే అయస్కాంతాలను ఆడించే ఇంకో బోర్డు. తొక్కడానికి పాత వాషింగ్ మెషిన్ మోటారు. మోటారు తిరిగింది. లినక్స్ లేచింది. కానీ రెండు బోర్డులూ ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

మంగళవారం పొద్దున మాలిక్ వచ్చాడు. చీరాల స్టేషన్ దగ్గర ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది. వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్ ఇచ్చింది కూడా అతనే.

"ఏరా, మాట్లాడుకున్నాయా రెండూ?"

"లేదు."

"పెళ్లిచూపుల్లో కూడా ఇంతసేపు మూగనోము పట్టరు గదరా!"

భావనారాయణ నవ్వలేదు. మళ్లీ అదే కమాండ్ కొట్టాడు. తోడు బోర్డు దొరికితే ఫోన్ తెర మీది గళ్లలో ఒక అంకె పడాలి. గళ్ల నిండా గీతలే. సెట్టింగులు మార్చాడు. మెమరీ కార్డు తుడిచి లినక్స్ మళ్లీ ఎక్కించాడు. పాత వెర్షన్ కూడా వేసి చూశాడు. కొత్త వైర్లు తెచ్చాడు. బోర్డుతో వచ్చిన కాగితం మీద ఏ వైరు ఎక్కడో చూపే బొమ్మ, దాని కింద 'కలిపితే చాలు' అని ఉంది. ఆ మాట రాసినవాడు ఎదురుగా ఉంటే కొట్టేసేవాడే.

"ఒరేయ్ నారాయణా, పొద్దెక్కింది. ఆ షావుకారు వచ్చేస్తాడు" అంది తల్లి మల్లేశ్వరి, పక్కన కండెలు చుడుతూ.

"వస్తే రానియ్! వచ్చేదాకా నన్ను చంపమాకండి."

"వదిలెయ్‌రా. నేనే తొక్కుతా" అంటూ పిచ్చయ్య గుంటలోకి దిగాడు.

"మోకాలు పోద్ది నాన్నా!"

"పోతే నాదేగా పోద్ది."

అడ్డం తీసి ఉంచిన పాత అట్టల పెట్టెను తగిలించి తొక్కాడు. ప్రతి తొక్కుకీ పళ్లు బిగించాడు. నాలుగు పేకలు పడేసరికి చెమట ధారకట్టింది. అలవాటు కొద్దీ గుంటలో పెట్టుకునే అద్దం ముక్కను బట్ట కిందికి జరిపి చూసుకున్నాడు. కుప్పడం చీరను బోర్లా నేస్తారు. మంచివైపు కిందుంటుంది. అద్దంలో తప్ప అది నేసేవాడికి కనబడదు.

తండ్రి ముఖం చూడలేక, మగ్గం చుట్టూ తిరుగుతున్న భావనారాయణ వంగి బట్ట అడుగుకేసి చూశాడు. పైనున్న నెమలి ఎడమకు చూస్తోంది. అడుగువైపుది కుడికి చూస్తోంది.

కాలు నిలవనివాడు వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు.

అట్టలు కొట్టేవాడు బొమ్మను ముందే తిప్పి కొడతాడు. నేతగాడు ఎదుట ఉన్నదాన్ని ఉన్నట్టు నేసుకుపోతే, అసలు బొమ్మ అవతలివైపు దానంతటదే వస్తుంది. పుట్టినప్పటి నుంచీ భావనారాయణ చూసింది అదే. బోర్డును కూడా బోర్లించి, వెనకవైపు నుంచే వైర్లు అతికాడు. కాగితం మీది బొమ్మలో ఏది కుడినుంటే దాన్ని కుడినే పెట్టాడు. ఆ బొమ్మ గీసినవాడు నేతగాడు కాడు, ముందే తిప్పి గీయడానికి.

"మాలిక్, ఆ బొమ్మ పైనుంచి గీసిందిరా!"

"పైనుంచి కాక పాతాళం నుంచి గీస్తారా?"

"నేను కిందనుంచి అతికా. వైర్లన్నీ పక్క పిన్నుకు పడ్డాయి."

మాలిక్ నవ్వబోయి ఆగాడు. "మరి కరెంటు ఎటు పోయిందిరా ఇన్నాళ్లూ?"

"పోకూడని చోటికి."

వైర్లు పీకి మళ్లీ అతికి, మగ్గం మీది పాత పెట్టె తప్పించాడు. కమాండ్ కొట్టాడు. గీతల మధ్య ఒక్క అంకె పడింది. మాలిక్ ఈల వేశాడు. భావనారాయణ మాత్రం అప్పుడే అయస్కాంతాలను ఒక్కొక్కటిగా ఆడిస్తున్నాడు. టక్, టక్, టక్. ఒకటి పలకలేదు. మళ్లీ చూశాడు. పలకలేదు. తప్పు కరెంటు తిని ఆ ఒక్క చోట బోర్డు కాలిపోయింది. అది నెమలి కన్ను దగ్గర మాత్రమే లేచే కొక్కెం.

బయట బండి ఆగింది.

వేణుగోపాల్ వెంట పడుగు కోసే మనిషి కూడా వచ్చాడు. మోటారు గుర్రుమంది. పిచ్చయ్య కుడికాలు చాపుకుని నాడె విసిరాడు. కొక్కేలు లేచాయి, దిగాయి. ముక్కు వచ్చింది. మెడ వచ్చింది. షావుకారు వంగి అద్దంలోకి చూశాడు.

"అంతా బాగానే ఉందయ్యా. కన్నేది?"

భావనారాయణ నోరు తెరిచాడు. అంతలో పిచ్చయ్య మోటారు మీట నొక్కి ఆపాడు. చివరి పేకలు విప్పి, కన్ను వరస దగ్గరికి వచ్చి, చెయ్యి పైకి పోనిచ్చి ఆ కొక్కెం తాడును వేలితో లాగి పట్టాడు. రెండో చేత్తో నాడె విసిరాడు.

"అది చేత్తో ఎత్తాల్సిందే షావుకారు గారూ. పోయింది మోకాలే గదండీ, వేళ్లు కాదుగా."

వేణుగోపాల్ మళ్లీ వంగి చూశాడు. అద్దంలో నెమలికి కన్ను వచ్చింది.

"కన్ను మరిచిన చీర వస్తే మాత్రం తీసుకోను" అన్నాడు. పడుగు కోసే మనిషిని వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం భావనారాయణ ఫోన్లో కొత్త బోర్డు కోసం వెతుకుతుంటే పిచ్చయ్య తలెత్తకుండానే అన్నాడు:

"తెప్పిస్తే తెప్పించు. బిగించమాక."

"ఎందుకు?"

"అన్నీ అదే చేస్తే, గుంటలో నేనెందుకురా?"

భావనారాయణ ఫోను జేబులో పెట్టుకుని వీధి చివరి దాకా నడిచాడు, తిరిగొచ్చాడు, మళ్లీ నడిచాడు. లోపల మోటారు తిరుగుతోంది. ఉండుండి ఆగుతోంది. అది ఆగినప్పుడల్లా అతనూ ఆగి, నాడె చప్పుడు వినబడేదాకా నిలబడి, మళ్లీ నడక సాగించాడు.