నాలుగో బుట్టలో సున్నా

నా చిన్నప్పుడు గల్ఫ్ తీరపు ఊరు గలాలీలో మేముండే ఇంటి వెనక సముద్రం ఆటు వేళకి చాలా దూరం వెనక్కి పోయేది. ఆ బురదలో మా పెదనాన్న ఒడ్డు నుంచి లోపలికి వరసగా ఐదు తీగబుట్టలు పెట్టించారు. ఆయన ఆఫ్రికాలో ఒక పెద్ద సరస్సు మీద ఏళ్ల తరబడి జెల్లచేపలు లెక్కపెట్టే ఉద్యోగం చేసి, కొన్నాళ్లు ఉందామని మా దగ్గరికి వచ్చారు. ఏ రకం జెల్ల ఎక్కడ ఉంది, ఎన్ని ఉన్నాయి అన్న ధ్యాస మాత్రం ఆయన్ని వదల్లేదు. మోకాళ్లు సహకరించక, బుట్టకో గడి గీసిన నోటుబుక్కు నాకిచ్చి పంపేవారు. "చూసి రాయి చాలు. చెయ్యి పెట్టకమ్మా, ముల్లు విషం" అనేవారు.

ఆ రోజు మొదటి మూడు బుట్టల్లో జెల్లలు మీసాలాడిస్తూ ఉన్నాయి. నాలుగోది, ఐదోది ఖాళీ. అక్కడ పీతలు లేవు, కొంగలు లేవు. నీళ్లు కదలడం లేదు. భయం వేసింది. ఖాళీ గళ్లు చూస్తే పెదనాన్న ముఖం ఎలా అయిపోతుందోనన్న బెంగ అంతకంటే ఎక్కువైంది. నాలుగో గడిలో ఆరు, ఐదో గడిలో నాలుగు అని రాసేశాను.

ఒడ్డున పెదనాన్న పక్కన, నిజామాబాద్ వైపు నుంచి పనికి వలస వచ్చిన మనిషి, మేం పడవ భాయ్ అని పిలిచేవాళ్లం, కాచుకుని ఉన్నాడు. చేపలు పట్టి బతికే మనిషి. వారం రోజులుగా అతని వలలో ఏమీ పడటం లేదు. పెదనాన్న పుస్తకం చూసి, ఎక్కువ అంకె ఉన్న నాలుగో బుట్ట వైపుకి వలలు మార్చుకోమన్నారు.

"అయితే రేపు ఉన్న వలలన్నీ ఆడనే ఏస్త సార్. గీ వారం గూడ పడకుంటే నన్ను పనికి తెచ్చుకున్న కఫీల్ ఊరికి పంపిస్తనంటుండు" అని, నావైపు తిరిగి నవ్వాడు. "చిన్నమ్మ రాసిందంటే చేపలు గూడ భయపడి ఒస్తయి."

నేను పుస్తకం వెనక్కి లాక్కున్నాను. "అక్కడ ఏమీ లేవు పెదనాన్నా. నేనే ఊరికే రాశాను."

ఆయన తిట్టలేదు. సరస్సు మీద తామూ ఖాళీ వలల సంగతి రాయడం నామోషీ అనుకునేవాళ్లమని మెల్లగా చెప్పారు. కాగితాల మీద చేపలు పుష్కలంగా ఉండేవట. ఒక రకం జెల్ల ఉత్తరపు ఒడ్డున పూర్తిగా మాయమైందని అక్కడి జాలర్ల పొయ్యిలు ఆరిపోయాకే తెలిసిందట. ఆ అంకెలు నాచేతే కొట్టేయించి, రెండు సున్నాలు పెట్టించారు.

భాయ్ ఆ సున్నాలు చూశాడు. "ముందుగాలనే చెప్పినవ్, మంచిగయింది బిడ్డా" అని వలలు భుజానేసుకుని దక్షిణం వైపు వెళ్లిపోయాడు.

తర్వాతి వారం మూడో గడిలో సున్నా పడింది. ఆ తర్వాత రెండో గడిలో. సున్నా ఒక్కో బుట్టా దాటుకుంటూ మా ఇంటివైపు నడిచి వస్తున్నట్టుండేది.

ఇప్పుడు అక్కడ మట్టి పోసి మేడలు కట్టారు. నాకు రోజూ డైరీ రాసే అలవాటు మిగిలింది. ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడని రోజు పేజీ వదిలేయాలనిపిస్తుంది. వదలను. తేదీ వేసి, కింద సున్నా పెడతాను. వరసగా రెండు సున్నాలు కనబడితే, లేచి చెప్పులేసుకుని పక్కింటి తలుపు తడతాను.