సూదిగారి బీరపాదు

కాంపౌండరు చేతిలో సూది పడితే నరం దానంతటదే పైకి తేలి వస్తుందని వీధంతా చెప్పుకునేది. పిల్లలు ఏడుపు లంకించుకునేలోపే ఆయన పని కానిచ్చి దూది అద్దేసేవాడు. అందుకే ఆయన పేరేమిటో ఎవరికీ పట్టలేదు, అందరికీ సూదిగారే. అంత నేర్పున్న చెయ్యి, ఆస్పత్రి నుంచి రిటైరయ్యాక, ఒక్క బీరగింజను మొలిపించలేక నానా అగచాట్లు పడిందంటే మీరు నమ్మకపోవచ్చు. నమ్మండి. పక్కవాళ్ల గోడ మీంచి తొంగి చూసి నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

ముందు ఆయన అక్క సంగతి చెప్పాలి. ఆమె లేకపోతే ఈ బీరపాదూ లేదు, కాంపౌండరూ లేడు. తల్లి పురిట్లోనే పోతే తమ్ముణ్ణి అక్కే పెంచింది. ఆమెకు పెళ్లీడు వచ్చేసరికి వాడింకా ఉయ్యాల్లోనే ఉన్నాడు. వచ్చిన ప్రతి సంబంధానికీ "వీడు నడిచాక చూద్దాం", "వీడు బడికెళ్లాక చూద్దాం" అని వాయిదా వేస్తూ వేస్తూ, చివరికి చూడటమే మానేసింది.

అప్పట్లో వాళ్లది బట్టల ఇస్త్రీ దుకాణం వెనకాల ఒంటి గది. గది వెనక చాపంత పెరడు. దుకాణంవాళ్లు బట్టలు తడిపిన నీళ్లు అక్కడికే పారేవి. ఆ తడిని చూసి అక్క బీరపాదు పెట్టింది. అది దుకాణం రేకుల మీదికి ఎగబాకి, ఇస్త్రీ పెట్టెల వేడికి మాడకుండా, ఏడాది పొడుగునా కాసేదని కాంపౌండరు చెప్పేవాడు. ఏడాది పొడుగునా ఏ బీరపాదూ కాయదు. కానీ చిన్నప్పటి పాదులు అలాగే కాస్తాయి మరి, ఏం చేస్తాం! అక్క కిటికీ దగ్గర కూర్చుని ఆస్పత్రి దుప్పట్లకు అంచులు కుట్టేది. కాలు మిషను మీద, కన్ను పాదు మీద. తమ్ముడు బడి నుంచి రాగానే కుట్టు ఆపకుండానే కేక వేసేది.

"ఒరేయ్ చిన్నోడా! చూసి నడు, తీగ తొక్కావంటే కాళ్లిరగ్గొడతా!"

వాడు పాదు దగ్గర వంగి ఏదైనా ముట్టుకోబోతే మాత్రం మరింత కోపం వచ్చేది. "చదువుకునే చెయ్యి మట్టిలో పెట్టకు. ఈ మట్టేదో నేను పడతాను, నువ్వు పుస్తకం పట్టు" అనేది. వాడు పట్టాడు. చదివాడు, కాంపౌండరయ్యాడు. వేళకు కంచంలోకి కూర వచ్చిందే గానీ, అది తీగకు కాసిందో చెట్టుకు కాసిందో ఆలోచించాల్సిన అవసరం జన్మంతా రాలేదు.

అటువంటి అక్క ముసలితనంలో తమ్ముడింటికి వచ్చి చేరింది. మొదట కళ్లజోడు ఎక్కడ పెట్టిందో మరిచిపోయింది. తర్వాత ఏ రోజో మరిచిపోయింది. ఆ తర్వాత ఒక ఉదయం తమ్ముడు టీ గ్లాసు అందిస్తే కుర్చీలో సర్దుకుని కూర్చుని, "ఎందుకండీ మీకు శ్రమ? ఎన్నాళ్లని మీ ఇంట్లో ఉంటాను? మా తమ్ముడొచ్చి తీసుకెళ్తాడు లెండి" అంది.

కాంపౌండరు గ్లాసు అక్కడే పెట్టి పెరట్లోకి వెళ్లి, అప్పటికే కడుక్కున్న ముఖం మళ్లీ కడుక్కున్నాడు. ఒకే కంచంలో తిని పెరిగిన తమ్ముడు కాస్తా బీరకాయ పీచు చుట్టం కూడా కాకుండా పోయాడు. పోనీ అక్కా అని పిలుద్దామంటే అదీ చెల్లలేదు. "నన్ను అక్కా అంటారేంటండీ, మీరు నాకంటే పెద్దవారిలా ఉన్నారు" అని ఆయన బట్టతల వంక చూసి నొచ్చుకునేది. ఇక చేసేది లేక అమ్మా అని పిలవడం అలవాటు చేసుకున్నాడు. ఆయనకు కావాల్సిందల్లా ఒక్కటే. అక్క తనను గుర్తుపట్టాలి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చిన్నోడా అని పిలవాలి.

పైగా ఆమె తిండి తగ్గించేసింది. ఏది వండి పెట్టినా రెండు ముద్దలు కెలికి కంచం నెట్టేసేది. బజారు నుంచి లేత బీరకాయలు ఏరి తెచ్చి వండిస్తే వాసన చూసి, "ఇది మా పెరటి కాయ కాదు" అంది.

"కాయల్లో మీ పెరడు మా పెరడు ఏంటి వదినా?" అని కాంపౌండరు భార్య తల పట్టుకుంది.

కాంపౌండరుకు మాత్రం ఆ మాటతో ఆశ పుట్టింది. అక్క పెరటి కాయలాంటి కాయ కళ్లముందు కాస్తే, ఆ కాయ వెనకే ఇస్త్రీ దుకాణం రేకులు గుర్తొస్తాయి, రేకుల కింద చిన్నోడూ గుర్తొస్తాడు. మందు ఇస్తే జ్వరం దిగినంత తేలిగ్గా లెక్క వేసుకున్నాడు. పెరట్లో బీరపాదు పెడతానన్నాడు.

"మీరా? మొక్కై వంగనిది మానై వంగుతుందా!" అంది భార్య.

గింజలు కొనుక్కొచ్చాడు. ఇప్పుడు ఈ మహానుభావుడు చేసిన పని వినండి. ఇంకెవరికీ తట్టని పని, కాంపౌండరుకే తట్టాలి. మరగబెట్టని సూదిని ఒంట్లోకి దించడం ఎంత పాపమో, మరగబెట్టని గింజను మట్టిలోకి దించడమూ అంతే పాపం అనుకున్నాడు. మూత ఉన్న స్టీలు గిన్నెలో నీళ్లు సలసలా కాగేదాకా ఉండి గింజలు వేశాడు. పట్టకారుతో ఒక్కొక్కటీ తీసి దూది మీద ఆరబెట్టాడు. చేతులు సబ్బుతో కడుక్కుని మరీ పాతాడు. ఇక పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఆ మట్టి ముందు పీట వేసుకుని కూర్చోవడమే. ఎన్నాళ్లు కూర్చున్నా మట్టి నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. చివరికి భార్యకు అనుమానం వచ్చి ఆరా తీసింది.

"ఉడికించి పాతిపెట్టారా!"

"ఉడికించలేదు, శుద్ధి చేశాను."

"ఆ శుద్ధేదో రోజూ బియ్యానికి నేనూ చేస్తున్నాను. ఎప్పుడైనా మొలిచాయా?"

రెండోసారి పచ్చి గింజలే పెట్టాడు. మొలిచాయి. ఆయన ఆనందం చూడాలి, ఆస్పత్రిలో కవలలు పుట్టినట్టు వీధిలో అందరికీ చెప్పొచ్చాడు. ఆనందంతో ఆగితే బాగుండేది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, మందు గ్లాసుతో కొలిచి నీళ్లు పోయడం మొదలెట్టాడు. ఆకులు పచ్చబడ్డాయి, అంటే పసుపుపచ్చగా. కింది రెప్ప లాగి చూసే అలవాటున్నవాడు కదా, ఆకు తిరగేసి చూసి రక్తం తక్కువైందని తేల్చాడు. మొక్క మొదట్లో బలం టానిక్కు పోశాడు. మొక్కకు బలం వచ్చిందో లేదో గానీ, ఆ తీపికి వీధిలోని చీమలన్నీ బారులు తీరి వచ్చాయి.

పెరటి గుమ్మంలో కుర్చీ వేసుకుని అక్క ఇదంతా చూస్తోంది. ఏదీ పట్టనట్టుండే మనిషి ఉన్నట్టుండి లేచి, గోడ పట్టుకుని నడిచి వచ్చి, పాదు దగ్గర చతికిలబడింది.

"ఏవండీ, మీరు ఆస్పత్రివారా?"

"అవునమ్మా."

"అదే అనుకున్నాను. ఇది రోగి కాదండీ, మొక్క. దాహమేస్తే ఆకు వాల్చి అదే చెబుతుంది. అడక్కముందే పోస్తే వేరు కుళ్లి చస్తుంది." ఆమె మట్టిలోకి వేలు దింపి తీసి, ఆయన చెయ్యి పట్టుకుని ఆయన వేలు కూడా దింపింది. "తడి తగిలిందా? అయితే ఇవాళ నీళ్లు పోయకండి."

చదువుకునే చెయ్యి అది. మట్టిలో పెట్టొద్దని కసిరిన మనిషే పట్టుకుని పెట్టించింది.

ఆ రోజు నుంచి ఆమె గురువు, ఆయన శిష్యుడు. గురువు నోరు మాత్రం మంచిది కాదు. మొలకలు కిక్కిరిసి ఉన్నాయి, బక్కవి పీకేయమంది. "జన్మంతా బక్కవాళ్లకే సేవ చేశానమ్మా, పీకమంటే చెయ్యి రాదు" అని ఆయన గొణిగితే పకపకా నవ్వి, "మీలాంటివారు వ్యవసాయం చేస్తే లోకం పస్తులే" అంది. పందిరి వేయమంటే ఆస్పత్రివాళ్లు పారేసిన ఇనప మంచం ఒకటి తెచ్చి నిలబెట్టాడు. తీగను దానికి గాజుగుడ్డ కట్లతో కట్టాడు. పెరడంతా ఎముకలు విరిగినవాళ్ల వార్డులా ఉందని భార్య వెక్కిరించింది. ఆకులకు పురుగు పడితే మందుల పెట్టె తెరవబోయాడు. అక్క కసిరి, మలుపులో బేకరీ పొయ్యి బూడిద తెప్పించి పొద్దున్నే మంచు తడి మీద చల్లించింది.

పూలొచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే రాలిపోతుంటే ఆయన ప్రాణం గిలగిల్లాడింది. "అవి మగపూలండీ, ముందు అవే వస్తాయి, తొందరెక్కువ" అందామె. ఆడపూలు వచ్చాక ఒక సాయంత్రం, పసుపు పూలు విచ్చుకునే వేళ, ఒక మగపువ్వు తుంచి, రేకులు ఒలిచి, బుల్లి పిందె ఉన్న ఆడపువ్వుకు మెల్లిగా అద్దింది. ఆమె వేళ్లు ఏమీ మరిచిపోలేదు. మిషను సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఎలా ఉండేవో అలాగే ఉన్నాయి. చూస్తూ చూస్తూ ఆయన ఒక్కసారిగా ఆ ఒంటి గదిలోకి వెళ్లిపోయాడు. ఇస్త్రీ వేడి, తడిసిన బట్టల వాసన, పాదు కింద నీడలో చాప, చాప మీద తను. ఎంత చల్లటి నీడ అది! అటువంటి నీడ మళ్లీ ఎక్కడా దొరకలేదు.

పని చేస్తున్నంతసేపూ ఆమె తన తమ్ముడి కబుర్లే చెప్పేది. ఆయనే మరిచిపోయినవి కూడా.

"మా వాడు మహా పిరికివాడండీ. బడికి సూదులేసేవాళ్లు వచ్చారంటే చాలు, పరిగెత్తుకొచ్చి బీరపాదు కింద దూరేవాడు. బడివాళ్లు వెతుక్కుంటూ వచ్చి అడిగితే లేడని చెప్పేదాన్ని. పాపం, ఏడుపు వినబడకుండా నోట్లో చొక్కా కుక్కుకునేవాడు."

ఊళ్లో సగం మందికి సూదులు పొడిచిన కాంపౌండరు నవ్వబోయాడు. నవ్వుతో పాటు కన్నీళ్లొచ్చాయి. బూడిద పడిందని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు.

కాయలు దిగాయి. నాలుగు నిటారుగా, ముద్దొచ్చేట్టుగా. పుప్పొడి సరిగ్గా అందని రెండు మాత్రం కొంకిలా వంకరపోయాయి. కోసే రోజు కాంపౌండరు పెళ్లికి వెళ్లేవాడిలా తయారయ్యాడు. అక్క కుర్చీని పాదు కిందికి జరిపి, తను నిటారుగా ఉన్న కాయ మీద చెయ్యి వేశాడు.

"ఆగండి!" అని అరిచిందామె. "మా తమ్ముడు రాకుండా కోస్తారేంటి?"

ఇంతకాలం దాచుకున్న మాట ఇక ఆగలేదు. ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అక్కా, నేనే. చిన్నోణ్ణి. చూడవే."

ఆమె చూసింది. చాలాసేపు, జాగ్రత్తగా, ఎదుటివాడి మనసు నొప్పించకూడదన్నట్టు చూసింది. "మీరు మంచివారే. కానీ మా వాడికి అంత బట్టతల లేదండీ" అంది.

గుమ్మంలో నిలబడ్డ భార్య ముఖం తిప్పేసుకుంది. కాంపౌండరు లేచి మోకాళ్లకంటిన మట్టి దులుపుకున్నాడు. ఆమె తనే కాయలు కోసింది. వంకర కాయలు రెండూ ఆయన చేతిలో పెట్టి, "పాపం, మీరూ కష్టపడ్డారు, ఇవి ఉంచుకోండి. మంచివి మా వాడికి" అని నాలుగింటినీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

భార్య ఎలాగో బతిమాలి ఆ కాయలు తీసుకెళ్లి వండింది. కూర వాసన చూసి అక్క కళ్లు మెరిశాయి. "ఇదీ మా పెరటి కాయంటే!" అంది. తినమంటే మాత్రం ససేమిరా అంది. సగానికి పైగా ఒక గిన్నెలోకి తీయించి, మూతపెట్టించి, వాడు తిన్నాకే తను తింటానంది. వీధి గుమ్మం వైపు చూస్తూ, చూస్తూ, కుర్చీలోనే కునుకు తీసింది.

కాంపౌండరు ఆ గిన్నె అందుకుని వంటింట్లో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. భార్య అన్నం పెట్టింది. ఆకలేసిన పిల్లాడిలా గిన్నె ఊడ్చి తిన్నాడు.

అక్క లేవగానే అడిగిన మొదటి మాట, "వాడు రాలేదా?"

"వచ్చాడమ్మా. నువ్వు నిద్రపోతున్నావని లేపొద్దన్నాడు. తినేసి డ్యూటీకి వెళ్లాడు."

ఆమె నమ్మలేదు. గిన్నె తెప్పించుకుని లోపల చూసింది, అడుగున వేలితో రాసి చూసింది. "కడుపునిండా తిన్నాడా?"

"కడుపునిండా తిన్నాడు."

"ఏమన్నాడు?"

కాంపౌండరు గొంతు సవరించుకున్నాడు. "ముద్ద నోట్లో పెట్టగానే, ఇది మా అక్క పెరటి కాయ అన్నాడు."

ముసలావిడ ముఖమంతా నవ్వే. "దొంగ వెధవ! చెప్పకుండా పోయాడు చూడండి" అంటూ తన కంచం దగ్గరకు లాక్కుంది. నెలల తర్వాత ఆ కంచంలో మెతుకు మిగలకుండా తిన్నది ఆ పూటే. మధ్యలో ఒకసారి తలెత్తి ఆయన్ను అడిగింది.

"మళ్లీ ఎప్పుడొస్తాడట?"

"రోజూ వస్తానన్నాడమ్మా" అన్నాడు కాంపౌండరు, ఆమె కంచంలో ఇంకో గరిటె కూర వడ్డిస్తూ.