లడ్డు ఆయనది, రేటు ఈయనది

ఈ సంగతి నేనే రాసిపెట్టాలి. ఎందుకంటే మా శ్రీరాంపూర్ కాలనీలో దీన్ని ఇప్పటికే నాలుగు రకాలుగా చెబుతున్నారు. శంకర్ మామ చెప్పేదాంట్లోనైతే నేను మైకు పట్టుకుని ఏడుస్తాను కూడా. నేను ఏడవలేదు, కీచుమన్నది మైకు. అయితే సాక్షాత్తూ వినాయకుడి ఎదుట లడ్డు వేలాన్ని ముంచింది మాత్రం నేనే.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మా కాలనీ లైబ్రరీ కప్పు వానకు కురిసేది. ఆ ఏడాది లడ్డు డబ్బుతో కొత్త రేకులు వేయించాలని అనుకున్నారు. ఆ లైబ్రరీలోనే, కంప్యూటర్ చదువులవాళ్ల కోసం రాసిన ఒక లావుపాటి పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని సొంతంగా చదివాను. మొదటి అధ్యాయం తడిసి అట్టలా అంటుకుపోతే రెండోదానితో మొదలుపెట్టాను. మనుషులు తమంతట తామే నిజం చెప్పేలా ఆట నియమాలు తయారుచేయడం ఎలాగో అందులో ఉంది. నా తల గణపతి తలంత అయింది.

వెంటనే కమిటీ పెద్ద మల్లయ్య కాకను పట్టుకున్నాను.

"కాకా, గీసారి అరుసుడు లేదు. అందరు కవర్ల రాసియ్యాలె. ఎక్కువ రాసినోనికే లడ్డు. కానీ కట్టేది రెండో ఆయన రాసినంతనే."

"గట్లయితే మనకు తక్కువ రాదారా?"

"రాదు కాకా! తాను రాసింది తాను కట్టేది లేనప్పుడు తగ్గించి రాసుడెందుకు? మనసుల ఉన్నది ఉన్నట్టే రాస్తరు."

"గిది ఏ పుస్తకంల ఉన్నది?"

చూపించాను. దాని లావు చూసి ఒప్పుకున్నాడు.

నిమజ్జనం రోజు కవర్లు విప్పాను. రాజమల్లు కాక యాభై వేలు రాశాడు, శంకర్ మామ ముప్పై వేలు. ఇద్దరివీ పక్కపక్క క్వార్టర్లు. ఒకరు కూలర్ కొంటే రెండోవాళ్లకు ఆ రాత్రి నుంచే ఉక్కపోత.

"లడ్డు రాజమల్లు కాకది! కట్టేది ముప్పై వేలే!" అని మైకులో చెప్పి చప్పట్ల కోసం ఆగాను. నా లెక్క ప్రకారం కాక ఎగిరి గంతేయాలి.

"ఏందిరా! శంకర్ గాని రేటుకు నేను లడ్డు ఎత్తుకోవాలెనా? మా వియ్యంకులు గూడ వచ్చిండ్రు! ఇజ్జత్ తీస్తివి గదరా!"

శంకర్ మామ లేచి కండువా సర్దుకున్నాడు. "లడ్డు ఆయనది, రేటు నాది. మైకుల రెండు పేర్లు చెప్పు, ప్రొఫెసరూ."

"నేను యాభయ్యే కడత!"

"ఎట్ల కడతవ్ బావా? రూల్ రూలే."

"అయితే నాకు లడ్డే వద్దు! శంకర్ గానికే ఇయ్యి!"

"నాకెట్లొస్తది? నేను గెలవలే గదా!"

లడ్డుకు దిక్కు లేకుండా పోయింది. నా కళ్లముందే లైబ్రరీ రేకులు ఎగిరిపోయాయి. అప్పుడు లైబ్రరీ చూసుకునే సరోజక్క వచ్చి నా చేతిలో మైకు లాక్కుంది.

"లడ్డు మొదటి పాట పది వేలు! ఎవరన్న ఉన్నరా?"

"ఇరవై!" "ముప్పై!" "నలభై!" ఇద్దరూ కుర్చీలెక్కి అరిచారు. అరవై ఐదు వేల దగ్గర శంకర్ మామ గొంతు పోయింది. రాజమల్లు కాక లడ్డు నెత్తిన పెట్టుకుని డప్పుల ముందు చిందేశాడు.

కొత్త రేకుల కింద పుస్తకం ఆరింది. అంటుకున్న పేజీలను స్కేలుతో మెల్లగా విడదీశాను. మొదటి అధ్యాయం సారమంతా ఒక్కటే: నియమాలు పెట్టే ముందు ఆడేవాళ్లకు నిజంగా ఏం కావాలో తెలుసుకోవాలి. రాజమల్లు కాకకు కావలసింది తక్కువ రేటు కాదు, శంకర్ మామ కంటే పెద్ద గొంతు.

అయినా చెబుతున్నాను, పుస్తకంలో లెక్క తప్పు లేదు. దాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివినవాణ్ని ఈ కాలనీలో ఇప్పటికీ నేనొక్కణ్నే. ఆ రేకుల సాక్షిగా ప్రమాణం కూడా చేశాను: మొదటి అధ్యాయం అంటుకుపోయిన పుస్తకం చదివి ఈ జన్మలో మైకు ముట్టను.

రేటు పెంచిన శంకర్ మామకు, అది కట్టిన రాజమల్లు కాకకు, పుస్తకం లావును నమ్మిన మల్లయ్య కాకకు దండాలు. చివరగా, ఏటా వినాయకచవితి రాగానే ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తున్న సరోజక్కకు.