మా గోడకు పడిన దారి

నైజాం పాలన చివరి రోజుల్లో పట్నమంతా పుకార్లే. పొద్దున పత్తర్‌గట్టిలో దుకాణాలు మూశారంటే, మధ్యాహ్నానికి లాల్‌దర్వాజాలో మా గుండెలు జారిపోయేవి. ఎవరో వచ్చి కాపాడతారని కూర్చోలేక మా గల్లీవాళ్ళు రెండు కట్టుబాట్లు చేసుకున్నారు. గల్లీ మొదట్లో తాంబాళం మోగితే ఎవరూ వీధి తలుపు తీయకూడదు. పెరటి గోడల్లో మనిషి దూరేంత దారి కొట్టుకోవాలి. ఆడవాళ్ళు, పిల్లలు వీధిలోకి రాకుండానే ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి వెళ్ళిపోవచ్చు.

అందరి గోడలకూ దారులు పడ్డాయి, ఒక్క మా గోడకు తప్ప. అవతల, గల్లీ చివరింట్లో ఒక్కతే ఉండే ముసలమ్మతో మా అత్తకు మోరీలో పారే మురుగునీళ్ళ దగ్గర తగాదా. ఆరేళ్ళుగా మాటల్లేవు. "నా గోడ మీద చెయ్యేస్తే ఊకోను" అని మా అత్త పెద్దల ముఖం మీదే చెప్పింది. అంత మొండి మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

నేనూ తక్కువ తినలేదు. పసిపిల్లలకు నూనె రుద్ది నీళ్ళు పోయడంలో ఆ ముసలమ్మ చేయి మంచిదని, అత్త కునుకు తీసే వేళ నా మూడు నెలల పాపను రోజూ దొంగచాటుగా ఇచ్చి వచ్చేదాన్ని.

ఒకరోజు అలా ఇచ్చి వచ్చి గిన్నెలు తోముతుంటే తాంబాళం మోగింది. తలుపులన్నీ ధడాధడా మూసుకున్నాయి. వీధిలో ఎవరో ఉరుకుతున్న చప్పుడు. గోడ అవతల నా పాప ఏడుపు. నా చేయి వీధి తలుపు గడియ మీదికి పోయింది. అత్త లేచొచ్చి నా రెక్క పట్టుకుంది.

"అత్తా, పాప పక్కింట్ల ఉన్నది" అన్నాను. ఇంకా దాచడానికి ఏముంది?

ఆమె బర్రెల కొట్టంలోంచి గడ్డపార తెచ్చి గోడను పొడిచింది. నేను గోళ్ళతో మట్టి లాగాను. అవతలి నుంచి ముసలమ్మ రోకలి దెబ్బలు. రాళ్ళు కాళ్ళ మీద పడుతున్నా నాకు తెలియలేదు.

ముందు పాప వచ్చింది, ఒళ్ళంతా నూనెతో. తర్వాత అత్త చేయి చాచి, "నువ్వు గూడ రా అక్కా. తల పైలం" అంది.

ఆ రోజు మా గల్లీ మీదికి దాడికి ఎవరూ రాలేదు. సాయంత్రం తలుపులు తీశాక నేను కాళ్ళ మీద పడబోతే అత్త ఆపింది.

"పోరి ఒంటి మీద మనింటి నూనె వాసన గాదని నాకు తెల్వదా? నెల సంది తెల్సు."

తెలుసట! తెలిసి కూడా ఆ గోడను అలాగే ఉంచింది. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. కానీ దారి లేదని తెలిసీ పాపను ఎందుకు తీసుకెళ్ళావని ఆమె నన్ను అడగలేదు.