పచ్చగళ్ల లుంగీ, ఎర్రదారం

మా పక్కింటి డ్రాయింగ్ మాస్టారు పోయారని వాళ్లమ్మాయి ఫోన్ చేస్తే నేను వెంటనే నమ్మలేదు. గోడకవతలున్న పిల్ల ఫోన్ ఎందుకు చేస్తుంది, గోడ మీంచి పిలవచ్చు కదా అని ముందు అదే అనుమానం వచ్చింది. "ఆంటీ, నాన్నగారు నహీ రహే" అంది. ఎవరి నాన్నగారని అడిగాను. ఆ పిల్ల ఏడుస్తూ పెట్టేసింది. నేను పక్కింటికి పరుగెత్తలేదు. ముందు హాల్లోకి వెళ్లి మా ఆయన్ని చూశాను. ఆయన కుర్చీలో కూర్చుని టీ చల్లార్చుకుంటున్నారు. అప్పుడే చెప్పులు వేసుకున్నాను. ఎందుకలా చూసుకున్నానో చెప్పాలంటే మాస్టారు వేసిన బొమ్మ సంగతి చెప్పాలి.

మన తెలుగు సంఘం వాళ్లు ఆయన గురించి నాలుగు ముక్కలు రాయమన్నారు. పొగడ్తలు నాకు చేతకావు. పాలవాడు పాలు పోస్తుంటే గిన్నెలోకి కాదు, వాడి మొహంలోకి చూసే రకం నేను. అనుమానం పెనుభూతం అంటారు కదా, ఆ భూతం మా ఇంట్లో నాతోపాటే అన్నం తింటుంది. ఇది మాస్టారికి బాగా తెలుసు. అయినా పెరుగు తోడుకి వెళ్లిన ప్రతిసారీ "రా చెల్లెమ్మా, బొమ్మ ఎంతవరకూ వచ్చిందో చూసి వెళ్లు" అనేవారు.

ఆయన రైల్వే స్కూల్లో డ్రాయింగ్ చెప్పేవారు, మా ఆయన గార్డు. క్వార్టర్స్‌లో పక్కపక్కనే ఉండి, రిటైరయ్యాక ఈ హిందీవాళ్ల ఊళ్లోనే, మంగ్లాలో కూడా పక్కపక్కనే ఇళ్లు కట్టుకున్నాం. ఇక్కడికి వచ్చాకే ఆయన ముందుగదిలో గోడంత బొమ్మ మొదలెట్టారు. కుడివైపు జనం, ఒకళ్ల మీద ఒకళ్లు పడి నిద్రపోతున్నారు. ముఖాలు గోరంత, కళ్లు మూసుకుని ఉంటాయి. ఒళ్లు కనిపించదు, బట్టలే కనిపిస్తాయి. పసుపు మీద కుంకుమ బొట్లు, చిలకాకుపచ్చ మీద మామిడిపిందెలు, తీగలు, చక్రాలు, గళ్లు. అన్నీ మా వీధి దండేల మీద ఆరేసిన బట్టలే. ఎడంవైపు, కొంచెం ఎడంగా, ఒక్కడే నిలబడి ఉంటాడు. వాడికి ముఖం లేదు. నెత్తి నుంచి కాళ్ల దాకా ఒకటే వస్త్రం, సిరానీలం, బూడిదనీలం, ఇంకేదో పేరు తెలియని నీలం. దగ్గరికెళ్లి చూస్తే ఆ నీలంలోనూ మామిడిపిందెలున్నాయి, చక్రాలున్నాయి.

వాడు ఎవడని అడిగాను. అడగాలా అన్నట్టు చూశారు. మరి ముఖమెందుకు వెయ్యలేదంటే, ముఖం వేస్తే జనం భయపడి ఊరుకుంటారట, బట్ట వేస్తే గుర్తుపడతారట. తర్వాత ఆయనన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"వాడికి సొంత రంగంటూ ఏటీ లేదు చెల్లెమ్మా. సొంత డిజైనూ లేదు. మనదే తీసుకుని, రంగు పిండేసి కట్టుకుంటాడు."

ఎదురింటి ముసలమ్మ పోయాక ఆవిడ చీర మీది మామిడిపిందెలు నీలం వైపు కూడా వచ్చాయి. ఆ తర్వాత వీధి చివర ఇంకొకాయన పోయాడు, ఆయన దుప్పటి చక్రాలూ వచ్చాయి. పోయాక వేశారా, వేశాక పోయారా అన్నది మాత్రం మా వీధిలో ఎవరికీ గట్టిగా గుర్తులేదు. ఒకావిడ ఏకంగా చేతబడి, చిల్లంగి అనేసింది. జనం బట్టలు పెరట్లో ఆరేసుకోవడం మొదలెట్టారు. నేను నవ్వినట్టే నవ్వి, మా దండెం కూడా వెనక్కి మార్చాను.

ఇక లుంగీ సంగతి. మనవాళ్లలో ఎవరు శ్రీకాకుళం వైపు వెళ్లినా ఒక తాను గుడ్డ తేవడం, ఇక్కడికొచ్చాక కోసి పంచుకోవడం మామూలే కదా. ఒకసారి మా ఆయన పచ్చగళ్ల తాను తెచ్చారు. అందులోంచి మాస్టారికిచ్చిన లుంగీకి అంచు కుట్టేసరికి పచ్చదారం అయిపోయింది, మా ఆయన లుంగీకి ఎర్రదారం వేసేశాను. గార్డు ఇంట్లో పచ్చా ఎర్రా రెండూ ఉండాలిలే అని ఆయన వేళాకోళం చేశారు. మాస్టారు మాత్రం ఆ అంచుని వెలుగులో పట్టుకుని చూసి, ఎదురు రంగు పక్కనుంటేనే రెండు రంగులూ బతుకుతాయి, తెలియకుండానే మంచి పని చేశావన్నారు. కుడివైపు పడుకున్న జనంలో ఒకరికి ఆ పచ్చగళ్లు వేశారు. మా ఆయనే అనుకుని మురిసిపోయాను.

తర్వాత మా ఆయన గుండెకి రాయ్‌పూర్‌లో ఆపరేషన్ అన్నారు. బయల్దేరబోయే ముందు పక్కింటికి వెళ్లి చెప్పి వద్దామని వెళ్లాను. మాస్టారు కుంచె కడుగుతున్నారు. బొమ్మకేసి చూస్తే నీలం వస్త్రం మీద, సరిగ్గా మోకాలి దగ్గర, కొత్తగా గళ్లు. తడి ఇంకా మెరుస్తోంది.

"మా ఆయన లుంగీ అక్కడెందుకు ఎట్టారు మాస్టారూ?"

ఆయన వెంటనే జవాబివ్వలేదు. ఆ వెంటనే ఇవ్వకపోవడమే నాకు ఈ రోజుకీ అరగలేదు. కుంచె గుడ్డతో తుడిచి, సీసాలో పెట్టి, అప్పుడన్నారు.

"అది నాదమ్మా. ఒకే తాను కదా, గళ్లు ఒకలాగే ఉంటాయి. నువ్వెళ్లి ఆయన్ని తీసుకురా."

నేను నమ్మలేదు. రాయ్‌పూర్ ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నంతసేపూ ఆయన్ని తిడుతూనే ఉన్నాను. ముసలాయన మాట మార్చాడు, బతికున్నవాడిని నీలంలో కలిపేసి, ఆడదాని మొహం చూసి తనదని బొంకాడు అనుకున్నాను. మా ఆయన తేరుకుని ఇంటికొచ్చారు. చూడటానికి మాస్టారు వస్తే, పచ్చగళ్ల లుంగీలో ఉన్న మా ఆయన పక్కన తెల్లపంచెలో కూర్చున్నారు. మీ లుంగీ ఏదని అడగబోయి ఊరుకున్నాను. ఆయన బాగా చిక్కిపోయి ఉన్నారు. అది కూడా ఆ రోజు నాకు అనుమానంగానే కనిపించింది గాని, జబ్బుగా కనిపించలేదు. తన జబ్బు సంగతి ఆయనకి ముందే తెలుసని వాళ్లమ్మాయి తర్వాత చెప్పింది. మాకెవరికీ చెప్పొద్దన్నారట.

కార్యక్రమాలన్నీ అయ్యాక ఆ పిల్ల నన్ను ముందుగదిలోకి పిలిచింది. బొమ్మ అలాగే ఉంది. చివరి రోజుల్లో నాన్నగారు కుంచె పట్టలేకపోయారని, అయినా ఒకరోజు పట్టుబట్టి లాల్ రంగు అడిగారని చెప్పింది. "హాథ్ వణుకుతుంటే నేనే మణికట్టు పట్టుకున్నా ఆంటీ. అంత చిన్న గీత కోసం ఎందుకో మరి" అంది.

నాకు తెలుసు. కుడివైపు జనంలో ఆ పచ్చగళ్ల మనిషిని వెతికాను. గళ్ల అంచున, వంకరటింకరగా, దారమంత సన్నంగా ఎర్రగీత. అది పడ్డాక ఆ పచ్చ అంతా లేచి కూర్చున్నట్టుంది. ఇటువైపున్నది మా ఆయనే అని నాకు రాసిచ్చినట్టు గీసి వెళ్లారు. మరి అటువైపు గళ్లు మొదట వేసినప్పుడు ఎవరివని వేశారో, నా కోసం తర్వాత తనవి చేసుకున్నారో, నాకు తెలియదు. ఈ అనుమానం ఒక్కటీ తీరదు, తీరకపోయినా పర్వాలేదనిపిస్తోంది. ఒక మనిషి చావబోతూ నా కుట్టు గుర్తుపెట్టుకున్నాడు. ఏడుపు ఆగలేదు. ఆ గీత మీద వేలు పెడితే, నూనెరంగు కదా, ఇంకా పూర్తిగా ఆరలేదు.

ఇంటికొస్తే మా ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు, అదే లుంగీలో. "ఏటి సూసొచ్చావు?" అన్నారు. కింద కూర్చుని ఆయన లుంగీ అంచు ఎత్తి చూశాను. ఉతికి ఉతికి నా దారం వెలిసిపోయి, ఎరుపో కాదో తెలియకుండా ఉంది. నా వేలికి అంటింది మాత్రం ఎర్రగానే ఉంది.