పెదవుల మధ్య బోల్టు

ఆ టైలరుకు గుండుసూదులు నోట్లో పెట్టుకునే అలవాటు. రెండు చేతులూ గుడ్డ మీద ఉంటే సూదులు మరెక్కడుంటాయి? పెదవుల సందున నాలుగు సూదులు బిగించి, ఖాతాదారుతో బేరమాడి, వచ్చే తుమ్మును కూడా వెనక్కి పంపగల ఘనుడు. కుట్టుమిషను దగ్గర ఏనాడూ ముప్పు తేని ఆ విద్య కారు దగ్గర కొంప ముంచింది.

కారు అతని భార్యది. ఆవిడ ఆడవాళ్లకు డ్రైవింగ్ నేర్పుతుంది. అందరూ రెడీమేడ్ బట్టలకు ఎగబడ్డాక ఆ ఇల్లు నడుస్తున్నదే ఆ కారు మీద. ఆ మధ్యాహ్నం ఇద్దరు శిష్యురాళ్లకు లైసెన్సు పరీక్ష. పొద్దున చూస్తే బండి ఒకటే దగ్గు.

"మెకానిక్‌ని పిలుస్తానండీ," అంది.

"ప్లగ్గులు మార్చడానికి మెకానిక్ ఎందుకే? ఎన్ని మిషన్లు విప్పి బిగించిన చేతులివి."

"మీ మిషను పెట్రోలు తాగదు కదా."

ముందున్న రెండు ప్లగ్గులు మర్యాదగానే వచ్చాయి. మూడోది ఇంజిన్ వెనక, అద్దం కింది రేకు చాటున దాక్కుంది. దానికి కరెంటు అందించే పైనున్న కాయిల్‌ను పట్టి ఉంచిన చిన్న బోల్టు కంటికి కనపడదు, వేలికి తగులుతుంది. రింగు స్పానరు తల మీద కూర్చుంది గానీ, తిప్పబోతే పిడి రేకుకు కొట్టుకుంది. మామూలు స్పానరు జారింది. ఇంకోసారి జారితే బోల్టు అంచులు అరిగిపోతాయని దాన్ని పక్కన పడేశాడు. చివరికి బోల్టు తలకు టోపీలా తొడిగే సాకెట్‌కు పొడవాటి రాడ్డు తగిలించి, రెండింటి మధ్య అటూ ఇటూ వంగే జాయింటు పెట్టాడు. అది తాగినవాడి మెడలా వాలిపోతుంటే టేపు చుట్టి నిలబెట్టాడు. అప్పుడు బోల్టు దిగొచ్చింది. వేళ్లతో దాన్ని తీసి, ఎక్కడ పెట్టాలని ఆలోచించకుండానే పెదవుల మధ్య పెట్టుకున్నాడు.

ప్లగ్గు విప్పాడు. ఒక చేత్తో టార్చి పట్టుకుని, ఆ రంధ్రం మీదికి వంగి లోపలికి తొంగి చూశాడు.

"అయిందా?" వెనకనుంచి భార్య.

"ఆఁ," అన్నాడు ఉలిక్కిపడి. గుటక పడింది. నోట్లో బోల్టు లేదు.

టప్పున పడిన చప్పుడేమీ వినపడలేదు. కాళ్ల దగ్గర లేదు, రేకు మీద లేదు. గొంతులో ఏదో అడ్డుపడినట్టుంది. కానీ భయానికి కూడా గొంతు అలాగే పట్టేస్తుందిగా. మిగిలినవి రెండే చోట్లు: ఇంజిన్ లోపల, లేదా తన కడుపులో. ఇంజిన్‌లో ఉంటే తాళం తిప్పగానే లోపలున్నదంతా నుజ్జునుజ్జు. ఆ పిచ్చి మారాజు, కడుపులోనే ఉండాలని మొక్కుకున్నాడు.

ఆవిడ చూస్తుండగా కొత్త ప్లగ్గు బిగించి, బోల్టు లేని కాయిల్‌ను చేత్తో నొక్కి, బానెట్ మూశాడు. ఎందుకు మూశాడో అతనికే తెలియదు.

ఆవిడ సీట్లో కూర్చుంది. తాళం పెట్టింది. అతను కిటికీ దగ్గరికి ఉరికాడు.

"తిప్పకు."

"ఏం?"

కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం లాగేసుకున్నాడు. "ఒక బోల్టు కనపడట్లేదు."

"ఎక్కడ పెట్టారు?"

"నోట్లో."

ఆవిడ అతని మొహాన్ని చూసింది. కారు దిగింది. శిష్యురాళ్లకు ఫోన్ చేసి పరీక్ష ఇంకో రోజు పెట్టుకుందామంది. స్కూటరు బయటికి తీసి, "ఎక్కండి," అంది. తిట్టినా బాగుండేది.

ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో టెక్నీషియన్ ఫిల్మును వెలుగుకు పట్టాడు. పక్కటెముకల కింద తెల్లగా, మర చుట్ల గీతలతో సహా, బోల్టు.

"దేవుడా, బతికించావు," అన్నాడు టైలరు.

"ఇది చూసి సంతోషించినవాళ్లని నేనింతవరకు చూళ్లేదు," అన్నాడు టెక్నీషియన్.

డాక్టరమ్మ ఫిల్ము చూసి, దానంతటదే బయటికొచ్చేస్తుందనీ, నొప్పి పుడితే మాత్రం ఏ వేళైనా సరే పరుగెత్తుకు రమ్మనీ చెప్పింది.

"బండికేం కాలేదే," అన్నాడు మెట్లు దిగుతూ.

"బండి గురించి ఎవరడిగారండీ," అంది ఆవిడ. స్కూటరు తాళం పెట్టబోతే రెండుసార్లు తప్పిపోయింది.

అప్పుడు తట్టింది అతనికి, తన లోపల ఇనుప ముక్క ఉందని. పొద్దుటి నుంచి పడ్డ భయమంతా ఇంజిన్ కోసమే. ఇప్పుడా భయం మెల్లగా బొడ్డు దగ్గరికి దిగింది. వెనక సీట్లో కడుపు మీద చెయ్యి వేసుకుని, ఊపిరి కూడా జాగ్రత్తగా పీలుస్తూ కూర్చున్నాడు.

ఆవిడ స్కూటరు నడకకన్నా నెమ్మదిగా పోనిచ్చింది. వెనక హారన్లు మోగుతున్నా పట్టించుకోకుండా, ఒక్కో గతుకూ తప్పించుకుంటూ.